రాగికి తుప్పు పట్టదు

"నాలుగింటికి కటింగ్ మొదలవుతుంది. ఈలోపు చూసుకునేదేదో చూసుకుని దయచేయండి," అన్నాడు చీఫ్ ఇన్‌స్పెక్టర్.

మ్యూజియం షెడ్డు గోడ మీది గడియారం రెండూ ఐదు చూపిస్తోంది. డిటెక్టివ్ తన చేతి గడియారం చూసుకుంది. రెండూ ఏడు. గోడ గడియారం రెండు నిమిషాలు వెనక నడుస్తోందని చిన్న నోటుబుక్కులో రాసుకుంది.

ఎవరిని ఏం అడిగినా చివరికి "అప్పుడు టైమెంత?" అని ముగిస్తుందని పోలీసులు ఆమెకి వెనకాల 'టైమెంతమ్మ' అని పేరు పెట్టారు. ఒకసారి ఒక కానిస్టేబుల్ నోరు జారి మొహం మీదే అనేస్తే, "ఇప్పుడు టైమెంత బాబూ?" అని అడిగి, అది కూడా రాసుకుందట.

"విచారణ నడుస్తుండగానే బండిని ముక్కలు చేయిస్తారా?" అంది ఆమె.

"నడవడం లేదు. అయిపోయింది. పొద్దున్నే రిపోర్టు ఇచ్చేశాను. డ్రైవర్ అజాగ్రత్త. బాయిలర్లో నీళ్ళు తగ్గిపోతుంటే చూసుకోలేదు. డెబ్భై ఆరేళ్ళ మనిషిని ఇంజను ఎక్కించడమే తప్పు." ఇన్‌స్పెక్టర్ చేతిలోని ఫైలు చంకలో పెట్టుకున్నాడు. బాయిలర్లన్నిటికీ ఆయన మాటే వేదం. ఆయన సంతకం లేకుండా ఆ చుట్టుపక్కల ఏ బాయిలర్ కిందా అగ్గిపుల్ల గీయకూడదు. "శిథిలం షెడ్డు స్తంభానికి ఆనుకుని ఉంది. ఏ క్షణానైనా కూలచ్చు. మీరు తప్పిపోయిన గొలుసులు వెతుక్కోండి మేడమ్. బాయిలర్లు నాకు వదిలేయండి."

"గొలుసు కేసుల్లో నేను నేర్చుకున్నది ఒకటే సార్. ముందుగా పనిమనిషి మీద నింద వేసేవాళ్ళనే ముందుగా అడగాలి."

ఆయన నవ్వలేదు. గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

డిటెక్టివ్ బండి వైపు తిరిగింది. ముప్పై ఒకటో నంబరు ఆవిరి ఇంజను. ఆ రకం బండ్లు ఒకప్పుడు యాభై దాకా ఉండేవి. డీజిల్ వచ్చాక ఒక్కొక్కటీ పాతసామాను కిందికి పోయాయి. చివరికి రెండే మిగిలాయి, ముప్పై ఒకటి, నలభై ఏడు. పన్నెండేళ్ళ కిందట నలభై ఏడుని కూడా పనికిరాదని కోసేశారు. ఇక ఈ భూమ్మీద మిగిలింది ఇదొక్కటే. షెడ్డులో అందరూ దాన్ని 'పెద్దక్క' అనేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు కదలకుండా నిలబడ్డ పెద్దక్కకి మంగళవారం మళ్ళీ నిప్పు పెట్టారు. పదకొండూ ఐదుకి లోపలి నిప్పుపెట్టె పైకప్పు కుంగి, బాయిలర్లోని ఆవిరంతా ఒక్కసారిగా డ్రైవర్ మీదికి కొట్టింది.

ఇవాళ శుక్రవారం. డ్రైవర్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంకా కళ్ళు తెరవలేదు.

ఆయన భార్య నిన్న డిటెక్టివ్ ఇంటికి వచ్చింది. ఏడవలేదు. కుర్చీ అంచున కూర్చుని, "పెళ్ళయిన యాభై రెండేళ్ళలో ఆయన నా మొహం చూడటం మర్చిపోయిన రోజులున్నాయమ్మా. బాయిలర్లో నీళ్ళెంతున్నాయో చూపించే గాజుగొట్టం చూడటం మర్చిపోయిన రోజు మాత్రం లేదు. ఆ మాట నిరూపించు చాలు," అంది.

*

ఫైర్‌మన్‌కి నలభై దాటాయి. ఎడమ చెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి ఉంది. బొగ్గు గుట్ట పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. డిటెక్టివ్ అతనికెదురుగా ఒక చెక్కపెట్టె లాక్కుని కూర్చుంది.

"నిప్పు ఎన్నింటికి పెట్టావు?"

"ఆరింటికండీ. చల్లారి ఉన్న బండిని నెమ్మదిగా వేడి చెయ్యాలి, లేకపోతే రేకు అలుగుతుందని బాబాయ్ అనేవాడు. డ్రైవర్ గారిని నేను బాబాయ్ అంటాను. పదిన్నరకి ఆవిరి సరిపడా వచ్చింది."

"నీళ్ళు?"

"సగానికి పైన. నేనూ చూశాను, బాబాయ్ చూశాడు. ఎక్కగానే రెండు గాజుగొట్టాల కుళాయిలూ తెరిచి మూసి, తెరిచి మూసి చూశాడు. ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పాను. రాసుకోలేదు."

"తర్వాత?"

"పదకొండూ మూడుకి బండి కదిలింది. ఒక నలభై అడుగులు పోయిందేమో..." అతను ఆగిపోయాడు. "బాబాయ్ టక్కున ఆపేశాడండీ. హ్యాండిల్ మీద చెయ్యి అలాగే పెట్టి, చెవి పక్కకి వంచి, ఏదో వింటున్నట్టు నిలబడ్డాడు. మొహం పాలిపోయింది. 'ఒరేయ్, ఇది పెద్దక్క కాదురా' అన్నాడు."

డిటెక్టివ్ పెన్ను ఆగింది. "ఏమన్నాడు?"

"'ఇది పెద్దక్క కాదురా. నిప్పు దింపెయ్, ముందు నిప్పు దింపెయ్' అని అరిచాడు. కంగారులో ఏదో అన్నాడనుకున్నా. బూడిద తలుపు తెరవడానికి కిందికి దిగాను. నా కాలు నేలకి ఆనిందో లేదో..." కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. "నన్ను దింపాడు. తను పైనే ఉండిపోయాడు. నేను చెయ్యి అందించేలోపు మొత్తం తెల్లగా అయిపోయిందండీ. ఏమీ కనపళ్ళేదు. బాబాయ్ అరిచింది కూడా వినపళ్ళేదు."

అతను ముక్కు తుడుచుకున్నాక ఆమె మెల్లిగా అంది.

"బాయిలర్లో నీళ్ళు మొట్టమొదట ఎప్పుడు నింపారు?"

"సోమవారం సాయంత్రం. ఐదింటికి ట్యాంకర్ వచ్చింది."

"అంతకుముందు?"

"అంతకుముందు చుక్క లేదండీ. మెయిన్ పైపు పగిలి వారం రోజులు షెడ్డు మొత్తానికి నీళ్ళు బంద్. చేతులు కడుక్కోవాలన్నా రోడ్డవతల టీకొట్టుకి పోయేవాళ్ళం. ఇన్‌స్పెక్టర్ గారు కూడా విసుక్కునేవారు."

"సోమవారం పొద్దున నువ్విక్కడే ఉన్నావా?"

"లేనండీ. పొద్దున ఎవరూ రావద్దన్నారు. బండి బాగుచేసే మేస్త్రీని కూడా సెలవు తీసుకోమన్నారు."

"అన్నదెవరు?"

అతను ఇన్‌స్పెక్టర్ గది తలుపు వైపు చూసి తల దించుకున్నాడు.

రెండూ ముప్పై ఒకటి. డిటెక్టివ్ లేచి క్యూరేటర్ బల్ల దగ్గరికి వెళ్ళింది. క్యూరేటర్ ఈ మ్యూజియానికి వచ్చి ఐదేళ్ళయింది. పలచటి మనిషి. మూడు రోజులుగా నిద్రలేక కళ్ళ కింద నల్లబడిపోయింది. ఆమె అడగ్గానే సర్టిఫికెట్ల ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. పై కాగితం పెద్దక్కదే. బాయిలర్‌ని నీళ్ళతో నింపి, పంపుతో ఒత్తిడి పెంచి, ఎక్కడా కారడం లేదని తేల్చే పరీక్ష. సోమవారం, పది గంటల నుంచి పన్నెండున్నర దాకా. ఫలితం తృప్తికరం. కింద చీఫ్ ఇన్‌స్పెక్టర్ సంతకం.

"నీళ్ళ పరీక్ష," అంది డిటెక్టివ్. "సోమవారం పొద్దున."

"అవునండీ."

"ఐదింటి దాకా ఈ షెడ్డులో చుక్క నీళ్ళు లేవు."

క్యూరేటర్ కాగితం మీదికి వంగాడు. ఒకసారి చదివాడు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చదివాడు. "నేనా రోజు హెడ్డాఫీసులో ఉన్నాను," అన్నాడు ఎటో చూస్తూ. "మంగళవారం పొద్దున ఈ కాగితం నా బల్ల మీదుంది. ఇది చూసే... ఇది చూసే నేను నిప్పు పెట్టమన్నాను."

*

నిప్పుపెట్టె నోరు మనిషి భుజాల కంటే కొంచెమే వెడల్పు. డిటెక్టివ్ చీర కుచ్చిళ్ళు బిగించి, టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని లోపలికి పాకింది. తడిసిన బూడిద మోచేతులకి అంటుకుంది. లోపల నిలబడటానికి లేదు. ఒకప్పుడు తలకి పైన ఉండాల్సిన కప్పు మోకాళ్ళ ఎత్తు దాకా దిగిపోయి ఉంది. నీళ్ళు తగ్గి రేకు కాలితే నీలం మచ్చలు పడతాయని దారిలో ఒక పాత బాయిలర్ మెకానిక్‌ని అడిగి తెలుసుకునే వచ్చింది. టార్చి అంగుళం అంగుళం తిప్పింది. నీలం లేదు. కప్పుని పట్టి ఉంచే పెద్ద బోల్టులు వరసగా మొదలంటా విరిగి ఉన్నాయి. విరిగిన చోట మధ్యలో గోరంత మాత్రమే మెరుస్తోంది. మిగతాదంతా ఎప్పుడో తినేసిన పాత నలుపు.

అవి మంగళవారం విరిగిన బోల్టులు కావు. ఏళ్ళ తరబడి విరుగుతూ మంగళవారానికి పూర్తయినవి.

చిరిగిన రేకు అంచు మీద టార్చి పడింది. ఎర్రగా కనిపించింది.

"ఎర్రగా ఉంది చూశారా, అది రాగి మేడమ్," బయటి నుంచి క్యూరేటర్ గొంతు వినిపించింది. ఇంత కష్టంలోనూ ఆ గొంతులో గర్వం దాగలేదు. "ఈ రకం బండ్లలో రాగి నిప్పుపెట్టె మిగిలింది పెద్దక్కకి ఒక్కదానికే. మిగతావాటికి మధ్యలో ఎప్పుడో తీసేసి ఉక్కు రేకులు వేశారు. వచ్చిన ప్రతివాళ్ళకీ ముందు అదే చెప్తాను నేను."

డిటెక్టివ్ జేబురుమాలు తీసి ఆ అంచుని గట్టిగా తుడిచింది. రుమాలు మీద ఎర్రటి పొడి అంటుకుంది. ఆమె దాన్ని టార్చి వెలుగులో చాలాసేపు చూసింది. తర్వాత చేతిసంచీ మూతకున్న అయస్కాంతం బొత్తాన్ని రేకు దగ్గరికి తెచ్చింది.

టక్కున అతుక్కుంది.

మళ్ళీ లాగి, ఇంకోచోట పెట్టింది. టక్. పక్కగోడకి. టక్. వెనకగోడకి. టక్.

పాక్కుంటూ బయటికి వచ్చి, రుమాలు క్యూరేటర్ చేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"తుప్పు. మూడు రోజుల కిందట చిరిగి తడిసిన ఉక్కుకి పట్టిన తుప్పు. రాగికి చిలుము పడుతుంది క్యూరేటర్ గారూ. తుప్పు పట్టదు, అయస్కాంతానికీ అంటుకోదు."

క్యూరేటర్ ఆమెని పక్కకి తోసేసి తనే నిప్పుపెట్టెలోకి తలదూర్చాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక మొహం నిండా మసి, దాని మీద కన్నీళ్ళ చారలు.

"ఐదేళ్ళు," అన్నాడు. "ఐదేళ్ళుగా రోజూ తుడిచాను దీన్ని. మసి గీకితే పాడవుతుందని లోపల మాత్రం ముట్టుకోలేదు. మరి ఇది... ఇదెవరు?"

మనిషిని అడిగినట్టు అడిగాడు.

"ఇలాంటి బండికి అసలు నంబరు ఎక్కడ కొడతారు? తీసి మార్చే రేకు మీద కాదు. బండితో పాటు పుట్టిన చోట."

"ఫ్రేము మీద. ముందు చక్రం వెనకాల, లోపలివైపు. రంగు కింద ఉంటుంది."

ఇద్దరూ వైర్ బ్రష్షులు పట్టుకుని బండి కిందికి దూరారు. నల్లరంగు పొరలు పొరలుగా లేచింది. కింద ఎర్రరంగు. దాని కింద పాత గ్రీజు. గ్రీజు కింద ఉలితో కొట్టిన గుర్తులు. ముందు ఒక ఏడు తేలింది. దానికి ఎడమపక్క నాలుగు.

నలభై ఏడు.

మూడూ ఇరవై రెండు. డిటెక్టివ్ నోటుబుక్కులో రాసుకుంది. పన్నెండేళ్ళ కిందట ముక్కలైపోయిందని రికార్డుల్లో ఉన్న బండి ఆమె నెత్తి మీద నిలబడి ఉంది.

"పాత బండ్లకి విడిభాగాలు అటూ ఇటూ మార్చడం మామూలే," అని పైనుంచి వినిపించింది. చీఫ్ ఇన్‌స్పెక్టర్ బూట్లు చక్రం పక్కన ఆగి ఉన్నాయి. "అంత గాభరా పడక్కర్లేదు."

డిటెక్టివ్ కింద నుంచే జవాబిచ్చింది. "చక్రం మారుస్తారు, గొట్టం మారుస్తారు. వెన్నెముక కూడా మారుస్తారా సార్?"

"మీకు ఇంజనీరింగు తెలియదు."

"తెలియదు. అందుకే అడుగుతున్నాను. నలభై ఏడు బాయిలర్ పనికిరాదని పన్నెండేళ్ళ కిందట రాసిందెవరు?"

బూట్లు కదల్లేదు.

"ఆయనే," అంది మూడో గొంతు.

డిటెక్టివ్ బయటికి వచ్చి చూసింది. షెడ్డు తలుపు దగ్గర మేస్త్రీ నిలబడి ఉన్నాడు. అరవై ఆరేళ్ళు. రెండుసార్లు రిటైరైనా పాత బండ్ల పని ఇంకెవరికీ రాదని మళ్ళీ మళ్ళీ పిలిపించుకుంటారు. నుదుటి మీద నల్లద్దాలు, భుజానికి గ్యాస్ కట్టర్ గొట్టం. నాలుగింటికి బండిని కోయాల్సింది అతనే.

"నోర్ముయ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పన్నెండేళ్ళు మూసుకున్నాను సార్." మేస్త్రీ గొట్టాన్ని నేల మీద పడేశాడు. డిటెక్టివ్ వైపు చూడకుండా, బండినే చూస్తూ చెప్పాడు. "నలభై ఏడుని కోయమని ఆర్డరొచ్చింది. పొద్దున వచ్చేసరికి నంబరు రేకులు రెండూ మారిపోయి ఉన్నాయి. ముందుకి లాగి పెట్టిన బండికి నలభై ఏడు రేకు ఉంది. కానీ నాకు తెలుసమ్మా. చెయ్యి వేస్తే తెలుసు. అది పెద్దక్క. లోపలంతా రాగి. ఆ రాగి అమ్ముకోవడం కోసమే."

క్యూరేటర్ నోటి వెంట ఒక చిన్న శబ్దం వచ్చింది. దెబ్బ తగిలినట్టు.

"ఈయన అప్పుడు చిన్న ఆఫీసరు. పక్కనే నిలబడ్డాడు. 'రేకు మీద ఏముందో చదువు' అన్నాడు. నలభై ఏడు అని చదివాను. 'మరింకేం, కొయ్యి' అన్నాడు. నా కూతురి ప్రసవం రోజులు. ఉద్యోగం పోతే ఎలా అనుకున్నాను. కోశాను. రెండు రోజులు పట్టింది. కోస్తుంటే రాగి ఎంత మెరిసిందో! నల్లద్దాలు ఉన్నాయి గనక నేను ఏడవడం ఎవరికీ కనపళ్ళేదు."

"మరి దీనికి నిప్పు పెడుతుంటే?" డిటెక్టివ్ గొంతు తెలియకుండానే పెరిగింది. "మీ తోటి డ్రైవర్ ఎక్కుతుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"ఊరుకోలేదమ్మా! ఈయన కాళ్ళు పట్టుకున్నాను. 'సార్, ఇది మీరే పనికిరాదన్న బాయిలర్' అన్నాను. 'రిపేరు చేయిద్దాం, నీళ్ళ పరీక్ష నేనే దగ్గరుండి చేస్తా, తట్టుకోకపోతే నేనే ఆపేస్తా' అన్నాడు. సోమవారం సెలవు ఇచ్చాడు. మంగళవారం కాగితం చూపించాడు. పాసైందన్నాడు. నేను... కాగితం నమ్మాను."

అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఇద్దరక్కచెల్లెళ్ళు మిగిలారు ఈ లోకంలో. ఒకదాన్ని నా చేత్తో చంపాను. ఇప్పుడు రెండోదాన్ని కూడా నన్నే కొయ్యమంటున్నాడు. నా చేత కాదు. నన్ను జైల్లో పెట్టించండి. ఇంక నా చేత కాదు."

ఫైర్‌మన్ ఎప్పుడొచ్చాడో, వచ్చి మేస్త్రీ వెనకాల నిలబడ్డాడు. కొడతాడేమో అనుకుంది డిటెక్టివ్. అతను వంగి, మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి, నేల మీద పడున్న కట్టర్ గొట్టాన్ని కాలితో దూరంగా నెట్టేశాడు.

ఇన్‌స్పెక్టర్ మాత్రం చొక్కా కాలరు సరిచేసుకున్నాడు. "ముసలివాడి కట్టుకథ. కోర్టులో నిలబడదు. టైమ్ చూసుకోండి మేడమ్, మీకు ఇష్టం కదా. మూడున్నర దాటింది. ఇతను కాకపోతే ఇంకొక కట్టర్‌ని పిలిపిస్తాను. శిథిలం మీద అధికారం నాది."

"సంతకం కూడా మీదే," అంది డిటెక్టివ్. బల్ల మీది ఫైలు తీసుకుంది. నీళ్ళు లేని నీళ్ళ పరీక్ష కాగితాన్ని ఆయన మొహం ముందు పెట్టాలనుకుంది. క్లిప్పు లాగితే దాంతోపాటు కింది కాగితం కూడా ఊడి వచ్చింది.

అదే అచ్చు కాగితం. అదే సంతకం. అదే సోమవారం. పది గంటల నుంచి పన్నెండున్నర దాకా. వరస నంబరు మాత్రం ఒకటి ఎక్కువ.

ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పట్టుకుని చూసింది. ఒకే మనిషి, ఒకే సమయంలో, రెండు బాయిలర్లు పరీక్షించాడు.

"క్యూరేటర్ గారూ, ఈ రెండోది దేనిది?"

క్యూరేటర్ ఇంకా బండి చక్రాన్ని పట్టుకునే ఉన్నాడు. తలతిప్పి చూశాడు. "అదా, చిన్నబండిది. వెనక తోట చుట్టూ జనాన్ని తిప్పే బుల్లి ఇంజను. దాన్ని కూడా ఈ ఏడే బాగుచేయించాం."

"అదిప్పుడు ఎక్కడుంది?"

"నడుస్తోందండీ. ఇవాళే మొదలుపెట్టాం. ఈ ప్రమాదం జరిగాక ఆపేద్దామన్నాను నేను. కానీ పొద్దున సార్ రిపోర్టు వచ్చింది కదా, తప్పు డ్రైవర్‌దే, బాయిలర్లలో ఏ లోపమూ లేదని. అది చూసి పైవాళ్ళు అనుమతి ఇచ్చేశారు. మూడున్నర నుంచి..."

ఫైలు కింద పడిన చప్పుడైంది. డిటెక్టివ్ చేతిలోది కాదు. ఇన్‌స్పెక్టర్ చంకలోది.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అంతదాకా గోడలా నిలబడ్డ మనిషి రెండడుగులు ముందుకొచ్చి డిటెక్టివ్ మణికట్టు పట్టుకున్నాడు.

"వచ్చేనెల అన్నారు," అన్నాడు. "వచ్చేనెల దాకా నడపం అన్నారు నాతో. ఈలోపు చూద్దామనుకున్నాను."

"ఏం చూద్దామనుకున్నారు?"

గోడ అవతల నుంచి సన్నగా, హుషారుగా ఒక ఈల వినిపించింది. దాని వెంటే జనం కేరింతలు.

"ఎంతమంది ఎక్కారు?" ఇన్‌స్పెక్టర్ అరిచాడు. "ఎంతమంది ఉన్నారు దాంట్లో?"

"నాలుగు పెట్టెలు," అన్నాడు క్యూరేటర్. "నిండా."

"ఆపండి! ఎవరైనా వెళ్ళి ఆపండి! ఆ బాయిలర్ మూత కూడా నేను తీసి చూడలేదు!"

ఆ మాట పూర్తయ్యేసరికి ఫైర్‌మన్ తలుపు దాటేశాడు. అతని వెనక డిటెక్టివ్, ఆమె వెనక తూలుతూ మేస్త్రీ. వాళ్ళందర్నీ తోసుకుంటూ, ఒక బూటు ఊడిపోయినా ఆగకుండా, చీఫ్ ఇన్‌స్పెక్టర్ తోట వైపు పరుగెత్తాడు.